ఇరవై రెండు ఒకేరకం సీసాలు

1వ తేదీ, సోమవారం

ఉదయం 6:10. టీలోకి రెండు యాలకులు కావాలి. రెండే. ఇంట్లో ఎవరూ లేవలేదు కదా, మనమే తీసుకుందామని తగుదునమ్మా అంటూ వంటగదిలోకి వెళ్ళాను.

కాఫీపొడి అని రాసున్న డబ్బా తీశాను. ఉప్పు.

బిస్కట్ల డబ్బా. ఆవాలు.

మా అమ్మాయి పసిపిల్లగా ఉన్నప్పటి పాలపొడి డబ్బా. కారం. దాని మెడకి రెండు రబ్బరు బ్యాండ్లు. ఎందుకో ఆ దేవుడికే తెలియాలి.

దగ్గుమందు సీసా. జీలకర్ర. మూత చుట్టూ పురికొస.

6:35. యాలకులు దొరికాయి. అమ్మ కళ్ళజోడు పెట్టెలో. మరి కళ్ళజోడు ఎక్కడుందో అడిగే ఓపిక లేదు. టీ చల్లారిపోయింది.

నేను ఇరవై ఆరేళ్ళుగా స్పేర్ పార్టుల గోడౌన్‌లో స్టోర్ కీపర్‌ని. నాలుగు వేల రకాల నట్లు, బోల్టులు, బేరింగులు. ఏది అడిగినా నిమిషంలో చేతిలో పెడతాను. పోయినేడాది గోడౌన్‌ని బాగా ఉంచానని షీల్డు ఇచ్చారు. అది టీవీ పక్కన ఉంది. మా ఆవిడ దాని మీద తడి రుమాళ్ళు ఆరేస్తుంది. అలాంటివాడి ఇంట్లో ఈ సంత!

తీర్మానం: ఈ నెలాఖరుకి మా వంటగది మసాలా అర గోడౌన్ అరలా ఉండాలి. పెట్టిన చోటే పెట్టాలి, తీసిన చోటే తీయాలి. ఎవరైనా సరే, కళ్ళు మూసుకుని వెళ్ళినా కావలసింది దొరకాలి.

7:30. ఇంట్లో ప్రకటించాను. వంట అమ్మ చేతిలో ఉంటుంది. మా ఆవిడ కరెంటు ఆఫీసుకి పోతుంది కాబట్టి కూరలు తరిగిపెట్టి, సాయంత్రం సర్దుతుంది. అమ్మ గరిటె కింద పెట్టి అంది: "డబ్బాల జోలికి మాత్రం రాకురా నాయనా. నా చేతికి అలవాటైన చోట్లు అవి. ఈ పొయ్యి దగ్గర ఉన్నంతసేపే నేను మనిషిలా ఉంటాను."

మా ఆవిడ కూడా "అత్తయ్య చెప్పింది వినండి, ఇంకేదైనా సర్దుకోండి, చెప్పుల స్టాండు ఉంది కదా" అంది. మా ఇంట్లో అత్తాకోడళ్ళు ఒకే మాట మీద ఉన్నారంటే నేనేదో పెద్ద మంచిపని చేస్తున్నట్టే లెక్క. ముందుకే వెళ్తున్నాను.

2వ తేదీ, మంగళవారం

మధ్యాహ్నం భోజనం మానేసి ప్లాను గీశాను. గోడౌన్ గుమాస్తా చూసి, కొత్త రాక్ వస్తోందా సార్ అన్నాడు. మా ఇంటి జీలకర్రకి అన్నాను. ఇంకేమీ అడగలేదు.

మొత్తం సరుకు ఇరవై రెండు రకాలు. వరుస అక్షరక్రమంలో. ఆవాలు, ఇంగువ, ఉప్పు, ఎండుమిర్చి, కారం, అలా సోంపు దాకా. అక్షరాలు వచ్చినవాళ్ళెవరూ తప్పిపోవడానికి వీల్లేదు.

సాయంత్రం 5:45. ఇరవై రెండు గాజు సీసాలు కొన్నాను. ఒకే ఎత్తు, ఒకే లావు, ఒకే నల్ల మూత. వరుసగా పెడితే పరేడ్‌లో నిలబడ్డట్టు ఉన్నాయి. దుకాణం అతను పెద్ద లేబుళ్ళు చూపించాడు. మరీ కిళ్ళీకొట్టులా ఉంటుందని వద్దన్నాను. గోధుమరంగు కాగితం మీద సన్నటి అక్షరాలతో ప్రింటు తీయించాను. ఎంత హుందాగా ఉన్నాయో.

6వ తేదీ, శనివారం

సెలవు పెట్టాను. మసాలాల కోసం సెలవు పెట్టిన మొదటి మగాణ్ణి నేనే అయ్యుంటాను.

9:00. అర ఖాళీ.

11:30. నింపడం పూర్తి. తుమ్ములు: ముప్పై పైన.

12:15. పాత డబ్బాలన్నీ గోనెసంచిలో వేసి పాత సామాన్లు కొనేవాడికి ఇచ్చేశాను. ఇంట్లో ఉంచితే మళ్ళీ పాకుతూ అరలోకి వస్తాయి, నాకు తెలుసు. రబ్బరు బ్యాండ్లు, పురికొస చెత్తబుట్టలోకి.

12:40. అమ్మని పిలిచి చూపించాను. ఆవిడ అర దగ్గరికి వచ్చి మొదటి సీసా మీద చెయ్యి వేసింది. అక్కణ్ణుంచి వేళ్ళు జరుపుకుంటూ చివరి సీసా దాకా వెళ్ళింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. "అన్నీ నున్నగా ఉన్నాయిరా" అంది.

ఇన్నేళ్ళలో అమ్మ నన్ను మెచ్చుకోవడం తక్కువ. అందుకే రాసి పెట్టుకుంటున్నాను.

మా ఆవిడ మాత్రం ఆఫీసు నుంచి వచ్చి, అర చూసి, నన్ను చూసి, "డబ్బాలేవి?" అంది. ఇచ్చేశానన్నాను. బ్యాగు భుజాన అలాగే ఉంచుకుని కాసేపు నిలబడిపోయింది. అసూయ అనుకుంటాను.

7వ తేదీ, ఆదివారం

కొత్త అరతో మొదటి వంట. అమ్మ మా అమ్మాయిని పక్కన నిలబెట్టుకుంది. పదిహేనేళ్ళు వచ్చాయి, వంట నేర్చుకోవద్దా అంది. నేర్పే పద్ధతి మాత్రం వింతగా ఉంది. "ఈ సీసా ఏంటే? దాని పక్కది?" అని పిల్లనే అడుగుతోంది. పరీక్ష పెడుతోందట. అమ్మాయి ఇరవై రెంటికీ సరైన జవాబులు చెప్పింది. నా లేబుళ్ళ గొప్పతనం.

వంటకి రెండు గంటలు పట్టింది. మామూలుగా నలభై నిమిషాలు. కొత్తలో ఇవన్నీ ఉంటాయి.

9వ తేదీ, మంగళవారం

అమ్మాయి బడికి వెళ్ళింది. అమ్మ ఒక్కతే వండింది.

తాలింపులో జీలకర్ర వేయాల్సిన చోట చెంచాడు ఇంగువ పడింది. చెంచాడు. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, ఎవరికన్నా ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

విచారించగా తేలింది: పాత అరలో ఎడమ నుంచి రెండోది జీలకర్ర. ఇప్పుడు రెండోది ఇంగువ. అంటే అమ్మ ఇంకా పాత లెక్కలోనే ఉంది. లేబులు చదివితే ఏం పోతుందమ్మా అన్నాను. "హడావిడిలో ఎవడు చదువుతాడురా" అంది. చూశారా. లోపం నా పద్ధతిలో లేదు. వాడేవాళ్ళ క్రమశిక్షణలో ఉంది.

సాయంత్రం ఫ్రిజ్ తలుపు మీద నోటీసు అంటించాను:

1. లేబులు చదవనిదే మూత తీయరాదు.
2. తీసిన సీసాని తీసిన చోటే, లేబులు ముందుకి ఉండేలా పెట్టవలెను.
3. సొంత గుర్తులు పెట్టరాదు.

మూడోది ఎందుకంటే, పొద్దున కారం సీసాకి ఎవరో మళ్ళీ రెండు రబ్బరు బ్యాండ్లు వేశారు. తీసి పారేశాను.

11వ తేదీ, గురువారం

రబ్బరు బ్యాండ్లు మళ్ళీ వచ్చాయి. తీశాను. నిన్న కూడా తీశాను. ఈ ఇంట్లో నాకు వ్యతిరేకంగా ఒక రహస్య సంస్థ పనిచేస్తోంది.

గోడౌన్‌లోలాగా ప్రతి సీసా దగ్గర చిన్న కార్డు పెట్టాను. ఎవరు, ఎప్పుడు, ఎంత తీసుకున్నారో రాయాలి. సాయంత్రం తనిఖీ చేస్తే మిరియాల కార్డు మీద మా ఆవిడ దస్తూరీలో ఉంది: "తీసుకున్నది: పిల్లి. ఎంత: కడుపునిండా." మాకు పిల్లి లేదు.

అమ్మ కార్డుల్లో ఒక్క గీత కూడా లేదు. అడిగితే, "నా బదులు నువ్వే రాసుకో నాయనా, నీ రాత బాగుంటుంది" అంది. పొగడ్తతో తప్పించుకోవడం అంటే ఇదే.

రాత్రి కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. మంచినీళ్ళ జగ్గు మూడుసార్లు నింపాం.

మా ఆవిడ గిన్నెలు కడుగుతూ, నా వైపు తిరక్కుండానే అంది: "ఆవిడ చేతి కింద నుంచి నేల లాగేశారు మీరు. ఇంతకన్నా చెప్పలేను, మాటిచ్చాను." ఎవరికి మాటిచ్చావు, ఏమని అంటే పంపు ఇంకా పెద్దగా తిప్పింది. కరెంటు ఆఫీసు వాళ్ళు ఎప్పుడూ సగమే చెబుతారు.

13వ తేదీ, శనివారం

అమ్మ వంట మానేసింది. మోకాళ్ళ నొప్పులట. నిలబడలేకపోతోందట. మొన్నటిదాకా మేడ మెట్లు ఎక్కి బట్టలు ఆరేసిన మోకాళ్ళే అవి.

మా ఆవిడ ఉదయం లేచి ఏదో ఒకటి ఉడకేసి పోతోంది. మధ్యాహ్నం రొట్టె ముక్కలు. పనితీరు నివేదిక రాస్తే ఇలా ఉంటుంది: వంటగదిలో రద్దీ సగానికి సగం తగ్గినది. సీసాలు రెండు రోజులుగా అంగుళం కూడా కదలలేదు. తప్పులు సున్నా.

వాడకపోతే ఏ గోడౌనైనా అందంగానే ఉంటుంది.

సాయంత్రం 4:00. అమ్మ ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఒకే తువ్వాలు మడతపెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడతపెడుతోంది. డాక్టరు దగ్గరికి వెళ్దామా అంటే, మోకాళ్ళకి డాక్టరెందుకు అంది. హాయిగా విశ్రాంతి తీసుకో అన్నాను. తల ఊపింది. కానీ నాకు హాయిగా లేదు. ఇంట్లోకి రాగానే ఏదో ఒకటి మాడుతున్న వాసనో, వేగుతున్న చప్పుడో ఉండేది. ఇప్పుడు మా ఇల్లు బస్సు కోసం ఎదురుచూసే గదిలా ఉంది. నాకు బాగాలేదు.

అయినా తీర్మానం నెలాఖరుదాకా. మధ్యలో వదిలేస్తే పదిమందిలో పలుచనైపోతాను. ఆ పదిమంది ఎవరంటే, గోడౌన్ గుమాస్తా.

15వ తేదీ, సోమవారం

దీన్ని వరుసగా రాయాలి. లేకపోతే నన్ను నేను వెనకేసుకొస్తాను.

1:20. ఫైలు మర్చిపోయి ఇంటికి వచ్చాను. వంటగదిలో చప్పుడు. అమ్మ నేల మీద కూర్చుని ఉంది. చుట్టూ సీసాలు, మూతలన్నీ తీసి. ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, కుడివైపు కొన్ని, ఎడమవైపు కొన్ని పెడుతోంది. నా అక్షరక్రమం ముక్కలు చెక్కలైంది.

1:21. "ఏంటమ్మా ఇది" అని అరిచాను. తనిఖీ అధికారి గొంతుతో. ఆవిడ ఉలిక్కిపడింది. ఆ క్షణాన ముక్కు దగ్గరున్నది కారం సీసా.

మొత్తం ముఖాన పడింది. కళ్ళలో కూడా.

అమ్మ అరవలేదు. "నీళ్ళు, నీళ్ళు" అంది, అంతే. పంపు కింద ఆవిడ తల పెట్టి కళ్ళు కడుగుతూనే ఉన్నాను. ఆటోలో ఎక్కించుకుని కళ్ళాసుపత్రి ఎటని ఎవరినో అడుగుతుంటే, కళ్ళు మూసుకునే అంది: "రెండో మలుపులో ఎడమకి తిప్పమను. మందులషాపు పైన."

నీకెలా తెలుసు అని అడిగే తీరిక లేదు.

2:10. కళ్ళ డాక్టరు అమ్మని చూడగానే పేరు అడక్కుండా పాత ఫైలు తీసింది. లావుపాటి ఫైలు. కళ్ళు కడిగి, మందు వేసి, కట్టు కట్టాక నన్ను బయటికి పిలిచింది. "మీరేనా కొడుకు? ప్రతిసారీ మీ ఆవిడే తీసుకొస్తుంది."

ప్రతిసారీ అంటే మూడేళ్ళుగా.

అమ్మకి చూపు మధ్యలో పోయింది. పక్కల నుంచి మనుషుల ఆకారాలు తెలుస్తాయి, నడవగలదు, మెట్లు ఎక్కగలదు. ఎదురుగా ఉన్న ముఖం తెలియదు, అక్షరం తెలియదు. పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవడానికే మూడేళ్ళుగా వేసుకుంటున్న మాత్రలు. "కారం వల్ల కొత్తగా ఏమీ పోలేదు, వారంలో తగ్గుతుంది" అని డాక్టరు చెప్పింది. "ఇంట్లో వస్తువులు ఎక్కడివక్కడ ఉంచండి, అదొక్కటే చాలు" అని కూడా చెప్పింది.

నేను తల ఊపాను. ఎక్కడివక్కడ ఉంచడంలో షీల్డు ఉంది కదా నాకు.

6:30. మా ఆవిడ చెప్పింది. ఇప్పుడు మాట తప్పినా పాపం లేదని చెప్పింది. కారానికి రెండు రబ్బరు బ్యాండ్లు, ధనియాలపొడికి ఒకటి. జీలకర్రకి పురికొస. ఉప్పు డబ్బా అన్నిటికన్నా బరువు, ఎప్పుడూ నిండుగా ఉంచాలి. ఆవాల డబ్బా పలకలది. యాలకుల పెట్టె నొక్కితే టక్కుమంటుంది. మూడేళ్ళపాటు రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, ఇరవై రెండూ తడిమి చూసి, ఒక్క వేలెడు పక్కకి జరిగినా మళ్ళీ సరిచేసింది. రెండు గదుల ఇంట్లో, నా కళ్ళెదురుగా. నేను దాన్ని సంత అన్నాను.

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో అంత పక్కాగా నడిచిన స్టోరు ఇంకోటి చూడలేదు. దాన్ని గోనెసంచిలో వేసి నేనే అప్పగించాను.

నాకెందుకు చెప్పలేదు అని అడిగాను. "చెబితే ఏం చేసేవారు?" అంది. ఆలోచించి చెబుదామనుకున్నాను. ఆవిడే చెప్పింది: "కుర్చీ వేసి కూర్చోబెట్టేవారు."

16వ తేదీ, మంగళవారం

ఉదయం అంతా పాత సామాన్ల వాడి కోసం తిరిగాను. దొరికాడు. డబ్బాలు దొరకలేదు. ఎప్పుడో అణగ్గొట్టి కరిగించడానికి పంపేశాడు. నన్ను జాలిగా చూసి, ఒక వంకర గిన్నె ఉంది, కావాలా సార్ అన్నాడు.

అమ్మ మంచం మీద కట్టుతో ఉంది. పక్కన కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియక మందు వేళలు చదివి వినిపించాను.

"అమ్మా, నాతో ఒక్క మాట అనుంటే?"

"అంటే పొయ్యి తీసేసుకుంటావని భయం వేసిందిరా."

లేదమ్మా అనడానికి నోరు తెరిచాను. రాలేదు. తీసేసుకునేవాణ్ణే. నీకెందుకమ్మా శ్రమ అని, చాలా ప్రేమగా, వంటమనిషిని కూడా పెట్టి మరీ తీసేసుకునేవాణ్ణి. పైగా ఎంత మంచి కొడుకునో అని రాసి పెట్టుకునేవాణ్ణి కూడా, ఈ డైరీలోనే.

"ఇప్పుడు తీసేసుకుంటావా?" అని అడిగింది. కట్టు ఉంది కాబట్టి నా ముఖం కనబడదు. తర్వాత గుర్తొచ్చింది, కట్టు లేకపోయినా కనబడదని. బయటికి వెళ్ళి కాసేపు చెప్పుల స్టాండు సర్దాను.

లోపలికి వచ్చి చెప్పాను. "తీసుకోనమ్మా. ఈసారి అర నువ్వే సర్దు. నేను మోస్తాను."

అమ్మ తువ్వాలు అందుకుని ముక్కు తుడుచుకుంది. ఆ తర్వాత, "అయితే ముందు ఆ నున్నటి దరిద్రాలు తీసేయ్" అంది.

21వ తేదీ, ఆదివారం

కొత్త తీర్మానం. నెల రోజులు వంటగదిలో నేను ఏ వస్తువునీ కదపను. కదిపితే ముందు అమ్మకి చెబుతాను.

8:30. వారమంతా వీధిలో, గోడౌన్‌లో, మా ఆవిడ ఆఫీసులో అడుక్కుని తెచ్చిన డబ్బాలు నేల మీద పరిచాం. నలభై పైనే. గోడౌన్ గుమాస్తా ఆరు ఇచ్చాడు, ఒక్క ప్రశ్న వేయలేదు, నా మీద ఆశ వదిలేసినట్టున్నాడు. అమ్మ ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. రెంటికి ఒకే రకం మూత ఉంటే రెండూ అవతలికి. మూత తీయడానికి రెండు చేతులూ కావాల్సి వస్తే అవతలికి. నేను పద్దు రాద్దామని పెన్ను తీశాను. "రాయకు, గుర్తుపెట్టుకో" అంది. రాయకుండా సరుకు దించుకున్నది జీవితంలో ఇదే మొదలు.

11:00. అర నిండింది. చూడ్డానికి ఘోరంగా ఉంది. రెండు వరుసలు వంకర. ఒక డబ్బా మీద ఇంకోటి ఎక్కి కూర్చుంది. నా వేళ్ళు వాటంతట అవే ఒకదాన్ని అర అంగుళం సరిచేయబోయాయి. మా ఆవిడ దగ్గింది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

12:00. అమ్మ స్టవ్ వెలిగించింది. మమ్మల్నందరినీ బయటికి పొమ్మంది. ముగ్గురం ముందుగదిలో కూర్చుని వంటగదిలో చప్పుళ్ళు వింటూ, వినట్లేదన్నట్టు పేపరు పంచుకుని పట్టుకున్నాం. మూత తీసిన చప్పుడు. ఆగింది. పెట్టేసిన చప్పుడు. ఇంకో మూత. నూనె చిటపట. వాసన వచ్చింది. మా అమ్మాయి మెల్లగా "జీలకర్రే" అంది. మా ఆవిడ పేపరు వెనక కళ్ళు తుడుచుకుంది.

12:50. భోజనం. గంటకి పది నిమిషాలు తక్కువ. కూర మూత తీశాం. ఉప్పు సరిగ్గా ఉంది. పచ్చిమిర్చి వేసిన కూర, కారం కూడా సరిగ్గా ఉంది. కూర మాత్రం తెల్లగా, సున్నం కొట్టినట్టుంది. పసుపు బదులు ఇంకేదో పడింది, శొంఠిపొడి కావచ్చు.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. "రంగు బాగా వచ్చిందా?" అని అడిగింది.

మా అమ్మాయి నన్ను చూసింది. మా ఆవిడ బల్ల కింద నా కాలు తొక్కింది. అంటే, వచ్చిందని చెప్పమని. మూడేళ్ళుగా ఈ బల్ల దగ్గర ఎన్నిసార్లు అలా చెప్పారో నాకు తెలియదు. నేను కూడా చెప్పేసేవాణ్ణే. నోటిదాకా వచ్చింది.

"రాలేదమ్మా. తెల్లగా ఉంది. పసుపు పడలేదు."

అమ్మ నా గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది. తర్వాత లేచి వంటగదిలోకి వెళ్ళింది. రెండు మూతలు తీసి వాసన చూసిన చప్పుడు. ఒక డబ్బా జరిపిన చప్పుడు. తిరిగి వచ్చి కూర్చుంది.

"ఆ శొంఠిపొడిని కింద అరకి మార్చాను, గుర్తుపెట్టుకో" అని మా ఆవిడతో అంది. నా కంచం వైపు చెయ్యి చాపి, తడిమి, ఇంకో గరిటె కూర వేసింది. "ఇకనుంచి రంగు సంగతి నువ్వే చెప్పు. వీళ్ళు నాకు అబద్ధాలు చెబుతారు."

ఉద్యోగం దొరికింది. పై అధికారి గట్టిదే. నా నెల రోజుల తీర్మానంలో ఇవాళ్టిది లెక్కలోకి రాదంది, డబ్బా ఎవరు కదిపినా కదిలినట్టేనట. రేపటినుంచి ఒకటో రోజు.